నియమం ఖరీదు

ఒక నియమాన్ని పాటించడానికి అయ్యే ఖర్చు ఆ నియమం మంచిచెడ్డల లెక్కలోకి రావాలా, అక్కరలేదా? పెద్దలు చాలామంది దీనిని ప్రశ్నగానే ఒప్పుకోరు. నియమం అంటే నియమమే, దానికి ధర కట్టడమేమిటి అంటారు. నేను కామర్సు చదువుకుని, ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో జమాఖర్చులు చూస్తూ వచ్చినవాణ్ణి. శాస్త్రాలు చదివినవాణ్ణి కాను. అందుకే కాబోలు, ఎవరు ఏ ధర్మం చెప్పినా దాని ఖర్చు ఎంత, ఆ ఖర్చు ఎవరి పద్దులో పడుతోంది అని చూడటం నాకు అలవాటైపోయింది. ఈ అలవాటు తప్పో ఒప్పో పాఠకులే నిర్ణయించాలి.

మనకు బాగా తెలిసిన తిరుత్తణితో మొదలుపెడతాను. ఆడికృత్తికకు కావడి ఎత్తేవాళ్ళలో చాలామంది ఇళ్ళలో మామూలు రోజుల్లో మాంసం వండుకునేవాళ్ళే. కావడికి మొక్కుకున్న నాటి నుంచి ముట్టరు. తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి కోనేటికి అమావాస్యనాడు వచ్చేవాళ్ళ సంగతీ అంతే. ఈ నియమం పాటించడం వాళ్ళకు ఎందుకు సులువు? భక్తి ఉంది, నిజమే. కానీ ఇడ్లీ కూడా ఉంది. స్టేషను దిగితే ఇడ్లీ, బస్టాండులో పొంగలి, వీధి మలుపులో పెరుగన్నం. తిరుత్తణి కొండమీద 2021 నుంచి రోజంతా అన్నదానం కూడా జరుగుతోంది. శాకాహార నియమంతో వచ్చిన కూలివాడు ఆ నియమం కారణంగా ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చు పెట్టనక్కరలేదు, ఆకలితో పడుకోనక్కరలేదు. ఇంత సులువు మనకు ఎవరో అమర్చిపెట్టారు. అది మనకు కనబడదు, ఎందుకంటే పుట్టినప్పటినుంచీ అందులోనే ఉన్నాం.

ఇప్పుడు దీన్ని తిరగవేసి చూడండి. నియమం మాంసం మానడం గురించి కాక, ఏ మాంసం, ఎవరు కోసిన మాంసం అన్నదాని గురించి అయితే? ఆ నియమం ఉన్నవాడు తనవాళ్ళు లేని ఊరికి వెళ్తే? యూదుల కోషర్ నియమం అటువంటిది. మన పత్రికలలో దీని గురించి పెద్దగా రాయరు కనుక నాలుగు మాటల్లో చెబుతాను.

గిట్టలు చీలి, నెమరువేసే జంతువునే తినాలి. మేక, గొర్రె, ఆవు పనికివస్తాయి. పంది, ఒంటె, కుందేలు పనికిరావు. చేపకు రెక్కలూ పొలుసులూ రెండూ ఉండాలి. కాబట్టి మన పులికాట్ రొయ్య, పీత వాళ్ళ విస్తరిలోకి రావు. జంతువును కోసేవాడు ఆ విద్య నేర్చి, అనుమతి పొందినవాడై ఉండాలి. అతన్ని షోఖెట్ అంటారు. అతని కత్తికి గోటికి తగిలేంత నొక్కు కూడా ఉండకూడదు. కోసిన తరువాత ఊపిరితిత్తులు పరీక్షిస్తారు. దోషం కనబడితే ఆ జంతువు పక్కకు పోతుంది. నెత్తురు తినకూడదు. అందుకని మాంసాన్ని అరగంట నీళ్ళలో నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి, బాగా కడుగుతారు. మన వైపు కొందరు ఇష్టంగా చేసుకునే నెత్తురు వేపుడు వాళ్ళు ఊహించను కూడా ఊహించరు. మాంసమూ పాలూ కలిపి తినకూడదు. వంటపాత్రలు కూడా రెండింటికీ వేరువేరుగా ఉండాలి.

నియమంలోని అర్థం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. దాని ఖర్చు గురించి మాట్లాడగలను. పద్దు రాసి చూద్దాం. విద్య నేర్చిన కోతగాడి జీతం ఒకటి. పరీక్షలో తప్పిపోయిన జంతువుల నష్టం రెండు. తొడ భాగంలోని నరాన్ని తినకూడదు గనుక, దాన్ని తీసే పనితనం అరుదు గనుక, చాలా దేశాలలో జంతువు వెనుక సగాన్ని బయటివాళ్ళకు అమ్మేస్తారు. అది మూడు. నానబెట్టి ఉప్పు పట్టించే కూలి నాలుగు. కనిపెట్టి చూసే తనిఖీదారు జీతం అయిదు. రెండు జతల సామాను ఆరు. ఇక ఏడోది, శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా కొట్టు మూసి ఉండాలి. ఏడు రోజులకు అద్దె కట్టి ఆరు రోజులైనా నిండా వ్యాపారం చేయలేని కొట్టు అది. ఇవన్నీ చేర్చుకున్న తరువాత ఆ మాంసం పక్క కొట్టులోని మాంసం ధరకు ఎలా వస్తుంది?

కొన్ని చోట్ల చట్టం వల్ల కూడా ధర పెరుగుతుంది. బెల్జియంలోని ఫ్లాండర్స్, వలోనియా ప్రాంతాలలో 2019 నుంచి జంతువుకు ముందు స్పృహ తప్పించకుండా కోయకూడదని చట్టం ఉంది. యూరపు న్యాయస్థానం 2020లో ఫ్లాండర్స్ చట్టాన్ని సమర్థించింది. జంతువు బాధ చిన్న విషయం కాదు, ఆ వాదనను నేను తేలికగా తీసుకోను. అయితే ఆ చట్టం తరువాత అక్కడి యూదులు కోషర్ మాంసాన్ని బయటినుంచి తెప్పించుకోవలసిందే. ఉన్నవాడు తెప్పించుకుంటాడు. లేనివాడి మాట ఏమిటి అన్నదే నా ప్రశ్న.

కొన్నేళ్ళ కిందట మా అమ్మాయి దగ్గరికి లండను వెళ్ళినప్పుడు గోల్డర్స్ గ్రీన్ వైపు చాలాసార్లు నడిచాను. యూదులు ఎక్కువగా ఉండే పేట అది. రొట్టెల కొట్లు, మాంసం కొట్లు, భోజనశాలలు వరసగా ఉంటాయి. ఒక చిన్న కొట్టులో నిలబడి తినే ఏర్పాటు ఉంది. పీటా రొట్టెలో సన్నగా కోసిన మాంసం, ఊరగాయలు, నువ్వుల పచ్చడి పెట్టి ఇస్తాడు. పెద్ద హోటల్లో కూర్చుని తింటే అయ్యేదానిలో సగం కూడా కాలేదు. కడుపు నిండింది, రుచిగా ఉంది. నాకు ఆ నియమం లేదు, అయినా మళ్ళీ మళ్ళీ వెళ్ళాను.

బ్యాంకువాణ్ణి గనుక తినేముందు గోడమీద కాగితం చదివాను. ఈ కొట్టు ఫలానా సంస్థ పర్యవేక్షణలో ఉంది, ఫలానా తేదీ దాకా చెల్లుతుంది అని సంతకంతో ఉన్న సర్టిఫికెట్ అది. కొట్టువాడు ఎవరో ప్రయాణికుడికి తెలియదు. ప్రయాణికుడు ఎవరో కొట్టువాడికి తెలియదు. మధ్యన ఇద్దరూ నమ్మే మూడోవాడి సంతకం ఒకటి ఉంది. మా బ్యాంకులలో లెటర్ ఆఫ్ క్రెడిట్ నడిచేది ఇలాగే. ఊరు కాని ఊరిలో ముద్ద మింగడానికి కూడా నమ్మకం కావాలి. మన ఊళ్ళో భాయి కొట్టులో మటన్ కొనేవాడు ఎవరు కోశారు, ఎలా కోశారు అని అడగడు. అది కూడా నమ్మకమే, కాగితం లేని నమ్మకం.

నా పక్కన నిలబడి తింటున్న పెద్దమనిషి వేరే దేశం నుంచి వచ్చిన యూదుడు. మాటల్లో పడ్డాం. "మీకు ఈ నియమం లేదు కదా, ఇక్కడికి వస్తారెందుకు?" అని అడిగాడు. బాగుంది, చవక కూడా అన్నాను. ఆయన నవ్వి, "మా వాళ్ళు లేని ఊళ్ళలో నేను వారం వారం డబ్బా చేపలూ బిస్కత్తులూ తిని బతుకుతాను. ఇక్కడ దిగితే మనిషిలా భోంచేస్తాను" అన్నాడు. ఆ మాట నాకు నిలిచిపోయింది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. నియమం అంటేనే కష్టం కదా, కష్టం లేకుండా పాటిస్తే అందులో గొప్పేముంది? కావడి మోసేవాడు భుజం నొప్పి పుట్టదని మోస్తాడా? ఈ వాదనలో బలం ఉంది. కానీ కష్టాలన్నీ ఒక రకం కావు. తిరుత్తణి కొండకు 365 మెట్లు. కాళ్ళతో ఎక్కేవాడు లక్షాధికారి అయినా కూలివాడు అయినా మెట్ల లెక్క మారదు. డబ్బు కష్టం అలాంటిది కాదు. అదే 100 రూపాయలు ఒకడికి చిల్లర, మరొకడికి రోజు గ్రాసం. ఒళ్ళు వంచి చేసే కష్టాన్ని మనిషి తానే ఎంచుకుంటాడు. ధరను ఎవరూ ఎంచుకోరు, అది వచ్చి నెత్తిన పడుతుంది. నియమంలోని కష్టాన్ని గౌరవించవచ్చు. నియమం మీద పడిన ధరను గౌరవించనక్కరలేదు.

ఈ తేడా బాగా తెలిసినవాళ్ళు పేద యూదు ఆడవాళ్ళు. 19వ శతాబ్దంలో రష్యా సామ్రాజ్యంలో కోషర్ మాంసం మీద కొరోబ్కా అనే పన్ను ఉండేది. పన్నులలో ఇది చాలా అన్యాయమైన జాతి. మాంసం తినే నోళ్ళు ఎన్ని ఉంటే అంత పన్ను, ఆదాయంతో పని లేదు. మామూలు మాంసం కొని తప్పించుకుందామంటే నియమం అడ్డం. నిష్ఠ ఉన్న పేదవాడే అందరికంటే ఎక్కువ నలిగిపోయాడు. తరువాత అమెరికా వలస వెళ్ళినా పేచీ తీరలేదు. 1902 మే నెలలో న్యూయార్కు లోయర్ ఈస్ట్ సైడ్‌లో కోషర్ మాంసం ధర పౌను 12 సెంట్ల నుంచి 18 సెంట్లకు ఎగబాకింది. టోకు వర్తకుల కూటమి చేసిన పని అది. ఆడవాళ్ళు వీధికెక్కారు. ఇంటింటికీ తిరిగి కొనవద్దని చెప్పారు. కొట్లలోని మాంసాన్ని వీధిలో పారబోశారు. ప్రార్థనా మందిరాలలోకి వెళ్ళి మగవాళ్ళను నిలదీశారు. చాలామంది అరెస్టయ్యారు. జూన్ నాటికి ధర 14 సెంట్లకు దిగివచ్చింది.

వాళ్ళు అడిగినదేమిటో గమనించండి. నియమాన్ని సడలించమని ఒక్కరూ అడగలేదు. మాకు ఈ నియమం కావాలి, కాబట్టే దీనిని మాకు అందే ధరకు ఇవ్వండి అన్నారు. సడలించడం వేరు, అందుబాటులోకి తేవడం వేరు. మా బ్యాంకులలో కనీస నిల్వ లేకుండా ఖాతా తెరవండి అని రిజర్వు బ్యాంకు 2005లో చెప్పినప్పుడు, క్రమశిక్షణ పోతుందని గొణిగినవాళ్ళు ఉన్నారు. పోయింది క్రమశిక్షణ కాదు. పేదవాణ్ణి గుమ్మం బయటే ఆపే కంచె పోయింది, అంతే.

ఇంకో అభ్యంతరం శాకాహారుల నుంచి వస్తుంది. ప్రయాణంలో పళ్ళో రొట్టో తిని గడపరాదా, మాంసమే కావాలా, అందులోనూ ఇష్టంగా తినాలా అంటారు. మా ఆవిడ కూడా ఇదే అంది. ఆమె కృత్తికనాడు లండనులో బిస్కత్తు పొట్లం చేతికిచ్చి, "ఇదిగోండి, ఇందులో మాంసం లేదని రాసి ఉందా, చూసి చెప్పండి" అంది. దానిమీద పర్వె అని ఉంది. మాంసమూ పాలూ రెండూ లేవని ఆ మాటకు అర్థం. కానీ పర్వె అన్నదానిలో గుడ్డు ఉండవచ్చు, చేప ఉండవచ్చు. విదేశాలకు వెళ్ళే మన శాకాహారులు ఈ గుర్తు చూసి మోసపోకుండా మొత్తం దినుసుల జాబితా చదువుకోవడం మంచిది. "చూశావా, నువ్వూ గుర్తులు వెతుకుతున్నావు. ఆయన వెతికిందీ అదే" అన్నాను. ఆవిడ ఒప్పుకుందని చెప్పలేను, మళ్ళీ ఆ మాట అనలేదు.

కడుపు నిండా, ఇష్టంగా తినడం నియమానికి శత్రువు కాదని చెప్పడానికి మనకు గాంధీగారి కంటే మంచి సాక్షి దొరకడు. 1888లో తల్లికి మాట ఇచ్చి లండను వెళ్ళాడు. మాట తప్పలేదు, కానీ ఆకలితో అలమటించాడు. రోజుకు పది పన్నెండు మైళ్ళు తిరిగి, చవక హోటళ్ళలో రొట్టెతో కడుపు నింపుకునేవాడు, తృప్తి ఉండేది కాదు. చివరికి ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహార భోజనశాల కనబడింది. అక్కడే ఒక షిల్లింగు పెట్టి సాల్ట్ రాసిన శాకాహార సమర్థన పుస్తకం కొని, ఇంగ్లండు వచ్చిన తరువాత మొదటిసారి తృప్తిగా భోంచేశాడు. ఆ పుస్తకం చదివాకే తాను మాట కోసం కాక, తన ఇష్టంతో శాకాహారి అయ్యానని రాసుకున్నాడు. ఆకలితో పాటించినంత కాలం అది తల్లికిచ్చిన మాట. కడుపు నిండి, ఆలోచించుకునే తీరిక దొరికిన తరువాత అది ఆయన సొంత నియమం అయింది. మహాత్ముడికే భోజనశాల కావలసి వచ్చింది, మామూలు ప్రయాణికుడికి అక్కరలేదా?

అయితే ఆ భోజనశాలను నడిపేదెవరు, నష్టం భరించేదెవరు? మొదటి బాధ్యత నియమం పెట్టుకున్న సమాజానిదే. యూదులలో ఖబాద్ అనే శాఖవారు అనేక దేశాలలో ఇళ్ళు తెరిచి ప్రయాణికులకు కోషర్ భోజనం పెడుతున్నారు. ముంబయిలో నారిమన్ హౌస్ అటువంటి ఇల్లే. 2008 నవంబరు దాడిలో దానిని నడిపిన రబ్బీ గావ్రియెల్ హోల్ట్స్‌బర్గ్, ఆయన భార్య రివ్కా ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2014లో ఆ ఇంటి తలుపులు మళ్ళీ తెరిచారు. పరదేశిగా వచ్చిన తనవాడికి అన్నం పెట్టడాన్ని వాళ్ళు ఎంత పెద్ద ధర్మంగా చూస్తారో అర్థమవుతుంది.

రెండో బాధ్యత బయటివాళ్ళది. ఇది కామర్సువాడి మాట. కొట్టు అద్దె, తనిఖీదారు జీతం అమ్మకంతో నిమిత్తం లేని ఖర్చులు. 50 మంది తింటే ఆ ఖర్చు 50 మంది మీద, 500 మంది తింటే 500 మంది మీద పడుతుంది. నియమం లేని నావంటివాడు వెళ్ళి ఇష్టంగా తిన్నప్పుడల్లా, నియమం ఉన్న పేదవాడి భోజనం మీద భారం రవ్వంత తగ్గుతుంది. పరాయివాడి వంటను మెచ్చుకోవడం మర్యాద అని మన పెద్దలు నేర్పారు. డబ్బిచ్చి తినడం సాయం కూడా అని నేను చేర్చుతాను.

ఇదంతా తెల్లదొరల దేశాల గొడవ అనుకోనక్కరలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదులు ఉన్నారు. మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు, ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. 1990 దశకం మొదట్లోనే అక్కడ వారి ప్రార్థనా మందిరం వెలిసింది. యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి వీరి గురించి 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. రోజుకూలితో బతికే తెలుగు మనిషి కోషర్ నియమం పెట్టుకుంటే, పైన నేను రాసిన ఏడు పద్దుల ఖర్చు ఎవరు కడతారు? నియమాన్ని నిజంగా పాటిస్తున్నావా అని అతన్ని అడిగే ముందు, పాటించడానికి వీలు కల్పించామా అని అడిగేవాడు తనను తాను అడగాలి.

మన మాట కూడా ఒకటి చెప్పి ముగిస్తాను. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మనం కదలలేదు, హద్దు కదిలింది. ప్రయాణం చేయకుండానే ప్రయాణికులమయ్యాం. ఇంట్లో తెలుగు మాట్లాడటం, పిల్లలకు అక్షరాలు నేర్పడం మనకూ ఒక నియమమే. నేర్పే మనిషి, చదివే పుస్తకం నడిచి వెళ్ళే దూరంలో ఉంటే మగ్గం నేసేవాడి కొడుకూ నేర్చుకుంటాడు. చెన్నపట్నం వెళ్ళి డబ్బు పోసి తెచ్చుకోవలసి వస్తే నావంటి జీతగాళ్ళ పిల్లలకే అది మిగులుతుంది. అప్పుడు మనం మిగతావాళ్ళను చూసి, భాషాభిమానం లేదు అంటాం. లేనిది అభిమానమో, దగ్గరలో దొరికే పుస్తకమో మనం ఎప్పుడైనా లెక్క చూశామా?